సీసా మీది అంకె

లెపర్డ్స్‌టౌన్,
12 అక్టోబర్ 2024.

ఉమక్కా,

ఈ కాగితం సీసాల పైన పెడుతున్నాను. పెట్టె తెరవగానే నీ కంటపడాలి. బావకి దొరికితే చదవడు, దీంతో చెయ్యి తుడుచుకుని ముందు ఒక మూత తీస్తాడు.

పన్నెండు సీసాలున్నాయి. నువ్వడిగిన సరుకే. ఆగస్టులో జీపీ డాక్టరు బావ లివర్ గురించి చెప్పిన రోజున నాకు ఫోన్ చేసి ఏమన్నావు? "ఎలాగూ మానరు. నువ్వు ఇంట్లో బీరు చేస్తున్నావుగా, నీళ్లలాంటిదేదో చేసి పంపరా, ఆ డబ్బాలు కొనుక్కురావడం తగ్గుద్ది" అన్నావు. చేశాను. 3.1 శాతం. బావ కొనే డబ్బాల్లో ఆల్కహాల్ అయిదు శాతం ఉంటుంది.

ఎలా తెలుసు అంటావని చెబుతున్నాను. దీనికి ఆన్‌లైన్లో కాల్‌క్యులేటర్లు ఉంటాయి. బార్లీ ఎంత, నీళ్లెన్ని, ఈస్టు ఏ రకం అని నింపితే బీరు ఎంత ఘాటుగా వస్తుందో కాచకముందే చెప్పేస్తాయి. ఒకదాన్ని నమ్మకుండా మూడింటిలో వేసి చూశాను. 3.0, 3.1, 3.2 వచ్చాయి. మధ్యదాన్ని తీసుకుని లేబుళ్ల మీద అచ్చు వేశాను. మీ హాస్పిటల్ ల్యాబ్ రిపోర్టులకైనా ఇన్ని పరీక్షలుండవు.

బావ ఇచ్చిన తాటిబెల్లం రెండు కిలోలూ అందులోనే వేసేశాను. "కల్లు వాసన రావాల్రా, లేపోతే నేను తాగను" అని ఒకటే గొడవ. కాల్‌క్యులేటర్ల జాబితాలో ప్రపంచంలో ఉన్న గింజలన్నీ ఉన్నాయి గానీ తాటిబెల్లం పేరు లేదు. వాసనకే కదా అని ఆ గడి వదిలేశాను. వాసన వచ్చింది. తీపి మాత్రం చుక్క లేదు.

హాసినికి చాక్లెట్లు అడుగున ఉన్నాయి. సీసాలు పడుకోబెట్టకండి, నిలబెట్టి ఉంచండి.

నీ తమ్ముడు,
హేమచంద్

*

లిమరిక్,
21 అక్టోబర్ 2024.

ఒరేయ్ హేమా,

నువ్వు కాగితం రాశావు కాబట్టి నేనూ రాస్తున్నాను. చేత్తో తెలుగు రాసి ఎన్నేళ్లయిందో, ఒత్తులు ఎక్కడికో పోతున్నాయి.

నెలనెలా జీతం తీసుకుంటూ వంటింట్లో బట్టీ పెట్టినవాడు మన వంశంలో నువ్వొక్కడివే. అమ్మ ఉంటే చీపురు తిరగేసేది. మీ బావ మాత్రం నిన్ను ఆకాశానికెత్తి మళ్లీ కింద పడేశారు. మొదటి సీసా తాగి, "వాసన అదిరిందే. కానీ ఏంటిది, మరీ పల్చగా నీళ్లలాగ ఉంది. మీ తమ్ముడు నాకు పథ్యం పెట్టాడు" అన్నారు. నాకు కావలసింది అదే కదా. నవ్వుకున్నాను.

నీకో సంగతి ఎప్పుడూ చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి తాగి వచ్చి తాగలేదని బుకాయించి దొరికిపోయారు. ఆ రోజు నేను పోట్లాడలేదు. ఒక్కటే అడిగాను. తాగితే తాగండి, ఎన్ని అని నేను అడిగినప్పుడు ఉన్న లెక్క చెప్పండి, అంతే అన్నాను. పదకొండేళ్లు అయింది. పండగ రోజు ఆరు తాగినా ఆరు అనే చెబుతారు. హాసిని కూడా నేర్చుకుంది. "హౌ మెనీ, డాడ్?" అంటుంది, ఆయన వేళ్లు చూపిస్తారు. తొమ్మిదేళ్ల పిల్లకి ఇదేం ఆట అని నేను కసురుకుంటాను గానీ, లోపల నాకదో ధైర్యం.

క్రిస్మస్ సెలవులకి రా. గోంగూర దొరికింది, ఫ్రీజర్లో పెట్టాను.

అక్క

*

లిమరిక్,
15 డిసెంబర్ 2024.

హేమా,

నువ్వు రోజూ ఫోన్ చేస్తున్నావు. నేను ఎత్తడం లేదు. నీ మీద కోపం కాదు. పోలీసు గార్డ్స్ ఫోన్ చేసిన రోజు నుంచీ అది మోగడం వినలేకపోతున్నాను. మోగకుండా పెట్టి అలమరలో పడేశాను. ఉత్తరం రాయి. ఉత్తరం అయితే నాకు ఓపిక ఉన్నప్పుడు విప్పుకుంటాను.

మీ బావ కర్మకాండ రోజుల్లో ఇంటినిండా జనం. నీతో ఒక్క మాట సరిగా మాట్లాడలేదు. ఆ ఆదివారం ఏం జరిగిందో నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. మొత్తం రాస్తాను.

నాకు డ్యూటీ మూడింటికి అయిపోయింది. హాసిని వాళ్ల ఫ్రెండ్ బర్త్‌డేకి వెళ్లింది. బయట వాన. ఆదివారం బస్సు గంటకొకటి, అది నా కళ్ల ముందే వెళ్లిపోయింది. ఆయనకి ఫోన్ చేశాను. క్రికెట్ చూస్తున్నారు. గొంతులో తెలిసింది. "ఎన్ని?" అన్నాను. "రెండేనే. మీ తమ్ముడి నీళ్లు" అన్నారు. "వద్దులే, బస్సుకి వస్తా" అన్నాను. "వానలో గంటసేపు ఏం నిలబడతావు, వచ్చేత్తన్నాను" అన్నారు. నేను ఒక్క క్షణం ఆలోచించాను. 3.1, రెండు సీసాలు, అన్నం తిని కూర్చున్నారు. ల్యాబ్‌లో పనిచేసేదాన్ని, మనసులో లెక్క వేసుకున్నాను. "సరే, రండి" అన్నాను.

నలభై నిమిషాలు నిలబడ్డాను. తర్వాత గార్డ్స్ ఫోన్. మలుపులో కారు రాతిగోడకి గుద్దుకుందట. ఇంకెవరికీ ఏమీ కాలేదు, అది దేవుడి దయ అని అందరూ అంటున్నారు. నాకు ఆ దయ కనిపించడం లేదు.

రక్తం పరీక్షకి తీసుకున్నారట. చావుకి కారణం తేల్చే విచారణ ఉంటుందట. ఒక్కటి చెప్పు. ఆ బీరు నిజంగా నువ్వు రాసినంతేనా? విచారణలో అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియాలి.

హాసిని మాట్లాడడం తగ్గించింది. స్కూల్లో ఎలా ఉన్నావని ఎవరడిగినా "గ్రాండ్", బాగానే ఉన్నాను అంటుందట.

ఉమ

*

లెపర్డ్స్‌టౌన్,
28 డిసెంబర్ 2024.

అక్కా,

ఉత్తరం అందింది. చదివి రెండు రోజులు ఆఫీసుకి వెళ్లలేదు.

బావని రమ్మన్నది ఎవరు, బీరు పంపింది ఎవరు అని ఆలోచించకు. ఆ రోజు వాన పడింది, రోడ్డు జారింది. అలా అనుకో. నేనూ అలాగే అనుకుంటున్నాను.

బీరు సంగతి అడిగావు. లేబుల్ మీద ఉన్నదే అక్కా. మూడుచోట్ల చూశానని అప్పుడే రాశాను కదా. విచారణలో అడిగితే అదే చెప్పు. అంకెల గురించి మనసు పాడుచేసుకోకు.

బీరు కాయడం మొత్తం మానేశాను. కాగు, గొట్టాలు అన్నీ మా ఇంట్లో ఉంటున్న టైటస్‌కి ఇచ్చేస్తానంటే అతను తీసుకోలేదు, షెడ్‌లో పడి ఉన్నాయి. హాసినికి కొత్త ఐప్యాడ్ పంపుతున్నాను. పెద్దదైపోయింది, బొమ్మలు వద్దంటుందేమో అని.

సంక్రాంతికి వద్దామనుకున్నాను. ప్రాజెక్టు ఉంది. కుదిరితే ఫిబ్రవరిలో.

హేమచంద్

*

లిమరిక్,
12 ఏప్రిల్ 2025.

హేమచంద్‌కి,

విచారణ మంగళవారం అయింది. నువ్వు వస్తానని రాలేదు. ఆఫీసు అన్నావు. ఒక విధంగా రాకపోవడమే మంచిదయింది, ఆ గదిలో నా మొహం ఎవరూ చూడకపోతే బాగుండును అనిపించింది.

రక్తం పరీక్ష గురించి చెప్పడానికి వచ్చిన డాక్టరు మంచివాడే, నెమ్మదిగా చెప్పాడు. రక్తంలో ఉన్నది చదివాడు. నన్ను అడిగారు, మీ ఆయన ఏం తాగారు, ఎంత తాగారు అని. నేను నిలబడి చెప్పాను. ఇంట్లో చేసిన బీరు, 3.1 శాతం, రెండు సీసాలు, ఆయనే చెప్పారు అన్నాను. సీసా కూడా తీసుకెళ్లాను, ఖాళీది. లేబుల్ చూపించాను. డాక్టరు లేబుల్ చూసి కాగితం మీద ఏదో వేసుకున్నాడు. ఈ ఘాటున్న బీరయితే రెండు సరిపోవు మేడమ్, దాదాపు అయిదు తాగి ఉండాలి అన్నాడు. సారీ అని కూడా అన్నాడు.

వంటింట్లో ఆరు ఖాళీ సీసాలు ఉన్నాయని నీకు చెప్పానో లేదో. నాలుగు అంతకుముందు వారాలవి అనుకున్నాను. కాదన్నమాట. ఒకటి అంతకుముందుది, అయిదు ఆ మధ్యాహ్నానివి.

రక్తం అబద్ధం చెప్పదు హేమా. పదిహేనేళ్లుగా దాంతోనే పని నాకు. మనిషే చెబుతాడు. మీ బావ నాతో మాట్లాడిన చివరి మాట అబద్ధం. అయిదు తాగి రెండు అన్నాడు. అన్నాడు, నేను నమ్మాను, రమ్మన్నాను. అయిదు అని చెప్పి ఉంటే నేను కాళ్లు పట్టుకునైనా ఆపేదాన్ని. ఆ సంగతి తెలిసే అబద్ధం ఆడాడు.

ఇంకో సంగతి. చివరి మాట అబద్ధమైతే అంతకుముందువి ఏవి నిజం? పదకొండేళ్లలో చూపించిన వేళ్లన్నీ వెనక్కి తిరిగి లెక్కపెడుతున్నాను.

నెలనెలా ఆ తిథికి ఫొటో ముందు పళ్లెం పెట్టేదాన్ని. ఈ నెల వండలేదు. ఫొటో తీసి లోపల పెట్టాను. హాసిని చూసి, "డిడ్ డాడ్ లై టు యూ, మమ్?" అంది. విచారణ మాటలు ఎలా విందో. అవునన్నాను.

ఉమ

*

లిమరిక్,
2 జూన్ 2025.

హేమచంద్‌కి,

నా ఉత్తరానికి యాభై రోజులుగా జవాబు లేదు. నీకూ బావంటే ప్రాణం, ఏం రాయాలో తెలియక ఊరుకున్నావని అనుకుంటున్నాను.

మీ బావ వాళ్ల అన్నయ్య ఫోన్ చేస్తే హాసిని తీసి నాకిచ్చింది. సంవత్సరీకం ఊళ్లో పెట్టాలి, నవంబరుకి టిక్కెట్లు చూసుకోమన్నారు. రానని చెప్పేశాను. మీ తమ్ముడికి మీరే పెట్టుకోండి, నాతో నిజం చెప్పని మనిషికి నేను నీళ్లు వదలను అన్నాను. ఆయన ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. ఇప్పుడు నాకు ఏదీ రాదు. డ్యూటీకి వెళ్తున్నాను, వస్తున్నాను.

హాసిని వాళ్ల నాన్న ఉన్ని జంపర్ వేసుకుని పడుకుంటోంది. తీసేసి చారిటీ షాపుకి ఇచ్చేద్దామని నిన్న బ్యాగులో పెట్టాను. మళ్లీ తీసి వేసుకుంది.

ఉమ

*

లెపర్డ్స్‌టౌన్,
9 జూన్ 2025.

అక్కా,

బావ రెండే తాగాడు.

ఈ మాట ముందు రాస్తున్నాను. మిగతాది చదవకుండా చించేసినా నీకు ఇది తెలియాలి. బావ నీతో నిజమే చెప్పాడు. లేబుల్ మీద నేను వేసిన అంకె తప్పు.

నిన్న చేసిన పని రాస్తాను. ఆ కాపులోది ఒక్క సీసా నా దగ్గర మిగిలి ఉంది. షెడ్‌లోంచి తెచ్చి గ్లాసులో పోసి, నురగంతా పోయేదాకా ఉంచి, హైడ్రోమీటర్ వేసి చూశాను. అది గాజు గొట్టం, ద్రవంలో తేలుతుంది. ఎంత పైకి తేలిందో చూసి అందులో ఎంత చక్కెర ఉందో చెప్పవచ్చు, ఘాటు ఉంటే ఇంకా కిందికి మునుగుతుంది. ఒక అంకె రాసుకున్నాను. తర్వాత అదే బీరుని స్టవ్ మీద సగమయ్యేదాకా మరిగించాను. ఘాటంతా ఆవిరైపోతుంది. తగ్గినంత నీళ్లు పోసి, చల్లార్చి, మళ్లీ చూశాను. ఈ రెండు అంకెలూ కాల్‌క్యులేటర్‌కి ఇస్తే తేడాని బట్టి అసలు ఘాటు చెబుతుంది. అప్పటి ఆ మూడింటిలోనే వేశాను. 7.4, 7.5, 7.6.

రెండు సీసాలు చాలు అక్కా, ఆ డాక్టరు చదివిన అంకెకి. ఆయన లెక్కలో 3.1వి అయిదంటే, 7.5వి ఎన్నో వేసుకుని చూశాను. రెండే సరిపోయాయి.

తాటిబెల్లం. రెండు కిలోల బెల్లం. జాబితాలో పేరు లేదని గడి వదిలేశాను. వాసనకే అనుకున్నాను. ఈస్టుకి బెల్లం అంటే పండగ, ఒక్క చుక్క మిగల్చకుండా తినేసి ఘాటు చేసేసింది. అందుకే తీపి లేదు. బెల్లంతో చేసింది బార్లీ బీరంత చిక్కగా ఉండదు, పలుచగా ఉంటుంది. అందుకే నీళ్లలా ఉంది అన్నాడు బావ. పాపం ఆయనకి నాలుక కూడా అబద్ధం చెప్పింది. ఆయన మాత్రం చెప్పలేదు.

ఇంతవరకు అయితే తెలియక చేసిన తప్పు. ఇకపైది తెలిసి చేసింది.

కాచిన రోజునే హైడ్రోమీటర్ వేసి చూశాను. స్క్రీను మీద 1031 ఉండాలి అంది. గొట్టం 1065 చూపించింది. నీళ్లకి వెయ్యి, ఆ పైనున్నదే చక్కెర లెక్క. రెట్టింపు. నేను ఏం చేశానో తెలుసా? గొట్టం పాడైంది అనుకున్నాను. బెల్లం మడ్డి పట్టి సరిగా తేలడం లేదనుకుని కడిగి అలమరలో పెట్టేశాను. మూడు వెబ్‌సైట్లు ఒక మాట చెబుతుంటే ఎనిమిది యూరోల గాజు గొట్టం చెప్పేది ఏమిటని. వాటికి నేను సగం సరుకే చెప్పాను, మూడూ ఆ సగానికే జవాబు చెప్పాయి. టైటస్ ఒక సీసా తాగి "లైట్ అన్నావు, ఒక్కదానికే తల తిరుగుతోంది బ్రదర్" అన్నాడు. హాస్పిటల్లో డబుల్ డ్యూటీ చేసొచ్చి ఖాళీ కడుపున తాగావు, అదే అని నవ్వాను.

డిసెంబర్లో నీ ఉత్తరం వచ్చింది. నిజంగా నువ్వు రాసినంతేనా అని అడిగావు. ఆ సాయంత్రమే లాప్‌టాప్ తీసి, ఆ ఖాళీ గడిలో బెల్లానికి బదులు మామూలు చక్కెర అని పెట్టి రెండు కిలోలు కొట్టాను. అంకె మారింది. ఏడు దాటింది. లాప్‌టాప్ మూసేశాను. తర్వాత కూర్చుని నీకు "లేబుల్ మీద ఉన్నదే" అని రాశాను. విచారణకి రాలేదు. ఆఫీసు ఏమీ లేదు ఆ రోజు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు అక్కడ ఎవరైనా నన్ను చూస్తేనే తెలిసిపోతుందని భయం. నీ ఏప్రిల్ ఉత్తరం ముప్ఫైసార్లు చదివాను. ప్రతిసారీ రేపు రాద్దాం అనుకున్నాను. నువ్వు బావని తిడుతున్నావు, నన్ను కాదు అని ఎక్కడో ఊరట కూడా పడ్డాను. అది రాయకపోతే ఈ ఉత్తరం కూడా అబద్ధమే అవుతుంది.

మొన్న జంపర్ గురించి రాశావు. అది చదివాక ఇక నావల్ల కాలేదు.

విచారణ జరిపినవాళ్లకీ గార్డ్స్‌కీ ఇదంతా రాసి పంపాను. నకలు దీంతో పెడుతున్నాను. ఏం చేస్తారో నాకు తెలియదు, ఏం చేసినా సరే. బావ ఫొటో బయట పెట్టు అక్కా. నన్ను క్షమించమని అడగడానికి నాకు నోరు లేదు.

హేమచంద్

*

లిమరిక్,
29 జూన్ 2025.

హేమా,

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. గార్డ్స్ ఒకసారి వచ్చి మాట్లాడి వెళ్లారు. నాకు తెలిసింది చెప్పాను. ఎక్కువా చెప్పలేదు, తక్కువా చెప్పలేదు.

ఫొటో గోడకి పెట్టాను. తిథి కాకపోయినా మీ బావకి ఇష్టమని గోంగూర, పప్పు, వడియాలు చేసి ముందు పెట్టాను. మీరు చెప్పింది నిజం, నేనే నమ్మలేదు, తప్పయిపోయింది అని పైకే అన్నాను. ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఏడు నెలలుగా రానిది ఒక్కసారే వచ్చింది. పక్కింటి రమాదేవి ఆంటీ గోడ అవతల నుంచి విని పరుగెత్తుకొచ్చారు.

హాసినికి చెప్పాను. మీ నాన్న రెండే తాగారు, రెండే అని చెప్పారు, అమ్మ పొరబడింది అన్నాను. అది "ఐ న్యూ దట్, మమ్" అంది. నాకన్నా అది నయం. రక్తం రిపోర్టు చదవడం రాదు దానికి, నాన్న మాట మాత్రం నమ్మింది.

వాళ్ల అన్నయ్యకి నేనే ఫోన్ చేశాను. నవంబరుకి వస్తున్నాం. నీళ్లు నేనే వదులుతాను.

ఇప్పుడు నీ సంగతి. బెల్లం లెక్కలో వేయకపోవడాన్ని నేను తప్పుపట్టను. మా ల్యాబ్‌లోనూ తప్పులు జరుగుతాయి, పట్టుకుని రెండోసారి చేస్తాం. ఆ గొట్టాన్ని నమ్మకపోవడం కూడా మన్నిస్తాను, నేనైనా అలాగే చేసేదాన్నేమో. కానీ డిసెంబర్లో నేను అడిగాను. మొగుడు పోయిన నెలరోజులకి నీ అక్క నిన్ను ఒక్క మాట అడిగింది. నీకు జవాబు తెలుసు. ఆ జవాబు నా దగ్గర ఉండి ఉంటే విచారణ గదిలో మీ బావ పరువు అలా పోయేది కాదు. నేను ఆ ఫొటో తీసేదాన్ని కాదు. చచ్చిపోయినవాడిని, తిరిగి ఒక్క మాట అనలేనివాడిని, రెండు నెలలు నా నోటితో నా కూతురి ముందు అబద్ధాలకోరుని చేశాను. నువ్వు చూస్తూ కూర్చున్నావు.

అన్నీ రాశావు కాబట్టి నేనూ ఒకటి దాచకుండా రాస్తాను. ఆయన అబద్ధం చెప్పాడనుకున్నన్నాళ్లూ తప్పు ఆయనది. నేను మోసపోయినదాన్ని. అలా ఉంటే ఎలాగో బతకగలిగాను. ఇప్పుడు ఆయన దగ్గర ఏ తప్పూ లేదు. నువ్వు అంకె రాశావు, నేను ఆ అంకె నమ్మి రండి అన్నాను. వానలో గంటసేపు నిలబడలేక. మన ఇద్దరి మాటా నమ్మి బయల్దేరారు. నిన్ను చూస్తే నాకు ఆ రోజు నేనన్న "సరే, రండి" వినిపిస్తుంది. నన్ను చూస్తే నీకు ఏం వినిపిస్తుందో నేను అడగను.

అందుకని సంవత్సరీకానికి నువ్వు రావద్దు. రాఖీ పండక్కి రావద్దు. ఉత్తరాలు కూడా ఇక చాలు.

హాసినికి మాత్రం నువ్వు మేనమామవి. అది నిన్ను అడుగుతోంది, వద్దనే హక్కు నాకు లేదు. ఆగస్టులో దానికి సెలవులు. నా డ్యూటీ చీటీ నకలు ఇందులో పెడుతున్నాను. నేను ఇంట్లో ఉండని రోజులకి పక్కన గీత గీశాను. వాటిలో ఏదో ఒక రోజు చూసుకుని వచ్చి, నేను వచ్చేలోపు వెళ్లిపో.

ఉమ